సీటు తిప్పితే గాలి అందని వ్యాన్: ఏసీ పెంచే ముందు ఇవి చూడండి

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వ్యాన్‌లో రెండో వరుస సీట్లు వెనక్కి తిరుగుతాయి. అందరూ ముందుకు చూస్తూ కూర్చుంటే ఏసీ బాగానే ఉంటోంది. ఆ సీట్లు తిప్పి మూడో వరుసకు ఎదురెదురుగా కూర్చుంటే మాత్రం కొందరికి మెడ మీద చలి, కొందరికి ఉక్కపోత. గ్యాస్ నింపించినా తేడా లేదు. ఇంకా పెద్ద ఏసీ పెట్టించాలా, ఫ్యాన్లు బిగించుకుంటే చాలా అని అడిగారు.

నా మాట వింటే ఆ రెండింటి మీదా ఇప్పుడే ఖర్చు పెట్టకండి. వ్యాన్లకు సీట్లు, లోపలి లైనింగ్, ఏసీ డక్టులు (గాలి వెళ్లే గొట్టాలు) బిగించే వర్క్‌షాప్‌లో పదకొండేళ్లు పనిచేశాను. సీట్లు మార్చుకునే బండి తెచ్చినవాళ్లంతా గాలి చాలడం లేదనే అనేవాళ్లు. విప్పి చూస్తే చాలా బండ్లలో గాలి కావలసినంత వస్తూనే ఉండేది. సీటు కదిలింది కానీ వెంట్, అంటే గాలి బయటికొచ్చే రంధ్రం, కదల్లేదు, అక్కడే వచ్చేది చిక్కంతా.

అయితే ఈ సంగతి నా మనసుకు బాగా పట్టింది వర్క్‌షాప్‌లో కాదు, మా అమ్మతో చేసిన ఒక ప్రయాణంలో. మా వ్యాన్ సీట్లు కంపెనీ నుంచే తిరిగేవి. మనవల మొహాలు చూస్తూ కూర్చుంటానని అమ్మ సీటు వెనక్కి తిప్పించుకుంది. ఓ అరగంట కబుర్లు చెప్పింది, తర్వాత మాట తగ్గిపోయింది. "ఉక్కగా ఉందిరా" అంటే నేను బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) పూర్తిగా పెంచాను. కాసేపటికి బండి ఆపమంది, దిగీ దిగగానే వాంతి చేసుకుంది. నీళ్లు తాగి తేరుకున్నాక, "మెడ వెనక మంచు పెట్టినట్టుంది, మొహానికి మాత్రం గాలే తగల్లేదు" అంది. అన్నేళ్లు ఈ పనే చేసిన నేను, ఆ సీటులో ఒక్కసారైనా వెనక్కి తిరిగి కూర్చుని చూడలేదు. అందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ సాయంత్రం ఆమె సీటులో కూర్చుని చూశాను. మా బండిలో రూఫ్ వెంట్లు రెండో వరుసకు కాస్త ముందు ఉన్నాయి. ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ల మొహానికి, ఛాతీకి గాలి తగిలేలా వాటి రెక్కలు వెనక్కి వంగి ఉంటాయి. సీటు తిప్పగానే అదే గాలి హెడ్‌రెస్ట్‌ను గుద్దుకుంటుంది. సగం మెడ మీదికి దిగుతుంది, మిగతాది పైకి చెదిరిపోతుంది. హెడ్‌రెస్ట్, తల కలిసి అడ్డుగోడలా నిలబడతాయి కాబట్టి మూడో వరుసకు వెళ్లాల్సిన గాలి కూడా అక్కడే ఆగిపోతుంది. బ్లోయర్ పెంచితే మెడ మీద చలి పెరుగుతుందే తప్ప మొహానికి ఏమీ రాదు. చల్లగాలి తాకిడికి శరీరంలో చాలా సున్నితమైన చోట్లలో మెడ ఒకటి. అందుకే నొప్పి కూడా పట్టేస్తుంది.

దూరం సంగతి కూడా ఉంది. వెంట్ నుంచి బయటికొచ్చిన గాలి పోతూ పోతూ చుట్టూ ఉన్న గాలిని కలుపుకొని వెడల్పవుతుంది, వేగం తగ్గుతుంది. కొంత దూరం దాటాక లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: దూరం రెట్టింపైతే వేగం సగమవుతుంది. కలిసేది క్యాబిన్‌లోని వెచ్చటి గాలి కాబట్టి చల్లదనమూ తగ్గుతుంది. పట్టాల మీద జరిగే సీటును రెండు జానలు వెనక్కి తోసినా మనిషికి తేడా తెలిసేది ఇందుకే.

మీరు ముందుగా చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పు ముక్కలుగా చింపి, ప్రతి సీటు దగ్గరా మనిషి ముక్కు ఉండే ఎత్తులో దారంతో వేలాడదీయండి. ఆరుబయట బండి నిలిపి, ఏసీ పెట్టి, బ్లోయర్ మధ్యలో ఉంచండి. సీట్లు మామూలుగా ఉన్నప్పుడు ఏ కాగితం ఎంత ఊగుతోందో చూడండి, తర్వాత సీట్లు తిప్పి చూడండి. సీట్లలో మనుషులను కూర్చోబెట్టే చూడాలి, ఎందుకంటే ఖాళీ సీటు మీదుగా పోయే గాలి మనిషి కూర్చుంటే పోదు. పది నిమిషాల్లో మీ బండి గుట్టు తెలిసిపోతుంది.

ఆ తర్వాత చాలామందికి తట్టని సంగతి, గాలి బయటికి పోయే దారి. బయటి గాలి లోపలికి రావాలంటే లోపలున్నది అంతే బయటికి పోవాలి. దానికోసం బండి వెనక భాగంలో, ఎక్కువగా డిక్కీ పక్కల ప్లాస్టిక్ వెనకో బంపర్ చాటునో, పల్చటి రబ్బరు రెక్కలున్న కిటికీల్లాంటివి ఉంటాయి. 1964లో ఫోర్డ్ కార్టినా కారులో ఏరోఫ్లో అనే పద్ధతి తెచ్చినప్పుడు దాని గొప్పతనం ఇక్కడే ఉంది. డ్యాష్‌బోర్డ్ మీద ఎటైనా తిప్పుకునే గుండ్రటి వెంట్లు పెట్టారు, వాటితోపాటు వెనక పిల్లర్ల (రూఫ్‌ను మోసే స్తంభాల) మీద గాలి బయటికి పోయే రంధ్రాలూ పెట్టారు. రెండూ ఉన్నందువల్లే కిటికీలు మూసి ఉన్నా బండి అంతటా గాలి పారింది.

సీట్లు మారే బండ్లలో ఈ దారే మొదట మూసుకుపోతుంది. మూడో వరుస జరిపినప్పుడు సామాను పక్క గోడలకు ఆనుకుంటుంది, దుప్పట్లు, సంచులు ఆ సందులకు అడ్డం పడతాయి. ఒక బండిలో అయితే కొత్తగా వేసిన లైనింగే ఆ రెక్కలను పూర్తిగా కప్పేసింది. తెలుసుకోవడం తేలికే. తలుపులన్నీ మూసి, బయటి గాలి మోడ్‌లో బ్లోయర్ పూర్తిగా పెట్టండి. వెనక కిటికీ ఒకటి రెండు వేళ్ల సందు దించండి. అప్పుడు వెంట్లలో గాలి ఒక్కసారిగా పెరిగితే బయటి దారి మూసుకుపోయిందన్నమాట. కిటికీలన్నీ మూసి ఉన్నప్పుడు తలుపు వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి తెలిసినా అనుమానించాల్సింది దాన్నే.

దీనితో ముడిపడిన ఇంకో అలవాటు, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పే) బటన్ నొక్కి గంటల తరబడి వదిలేయడం. మా అమ్మ ప్రయాణంలో నేను చేసిందీ అదే. ఎండలో బండి త్వరగా చల్లబడటానికి మొదటి పది నిమిషాలు అది మంచిదే. తర్వాత ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. క్యాబిన్‌లో 4,000 లీటర్ల గాలి ఉందనుకుంటే, ఆరుగురు 20 నిమిషాల్లో వదిలేది 36 లీటర్లు. బయటి గాలి ఏమాత్రం చొరబడకపోతే అది దాదాపు 0.9 శాతం. బయటి గాలిలో ఉండేది 0.04 శాతమే. నడుస్తున్న బండిలోకి సందుల గుండా కొంత గాలి వస్తుంది కాబట్టి అసలు అంకె అంతకంటే తక్కువే ఉంటుంది, అయినా తలనొప్పి, మత్తు, నిద్ర రావడానికి అది చాలు. పైగా కూర్చున్న ఒక్కో మనిషి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ఆరేడుగురు ఉంటే లోపల చిన్న హీటర్ వెలిగించినట్టే. కాబట్టి బండి చల్లబడ్డాక బయటి గాలి మోడ్‌కు మార్చండి. పొగ, దుమ్ము ఉన్న చోట కాసేపు మూసి, దాటాక మళ్లీ తెరవండి. క్యాబిన్ ఫిల్టర్ కూడా ఒకసారి తీసి చూడండి. అది దుమ్ముతో గడ్డకట్టి ఉంటే మిగతా పనులేవీ ఫలించవు.

ఇక వెంట్లు. విమానంలో తల మీద తిప్పుకునే చిన్న గాలి గొట్టం గుర్తుందా? దానితో గాలి ఎటు రావాలో, ఎంత రావాలో రెండూ కూర్చున్న మనిషి చేతిలోనే ఉంటాయి. నాకు నచ్చే సంగతి ఇంకోటి ఉంది. విమానాల్లో సీట్లు పట్టాల మీద ఉంటాయి, వరుసల మధ్య దూరం మార్చినప్పుడు పైన లైటు, గాలి గొట్టం ఉన్న పెట్టెను కూడా జరిపి సీటుకు సరిగ్గా పైన బిగిస్తారు. సీటుతోపాటు గాలీ జరగాలని వాళ్లు ముందే ఆలోచించారు. మన వ్యాన్లలో సీటు మాత్రమే జరుగుతుంది.

నేను మా బండిలో చేసింది అదే ఆలోచనతో. తిరిగే సీటు ఒక్కోదానికి రెండేసి గుండ్రటి వెంట్లు, ఒకటి సీటుకు ముందు, ఒకటి వెనక, రెండూ పూర్తిగా మూసుకునే రకం. ముందుకు చూస్తున్నప్పుడు ముందుది తెరుస్తాం, సీటు తిప్పితే అది మూసి వెనకది తెరుస్తాం. ఈ మూయడం దగ్గరే చాలామంది పొరబడతారు. బ్లోయర్ ఇచ్చే గాలి ఎంతో అంతే, తెరిచి ఉన్న ప్రతి వెంటూ అందులోంచే వాటా తీసుకుంటుంది. ఖాళీ సీటు మీద వెంట్ తెరిచి ఉంటే అది మనిషి ఉన్న సీటు నుంచి లాక్కున్నట్టే. మూసే వీల్లేని వెంట్లు కొనకండి. మీ బండిలో ఉన్నవాటికి ఆ వీలుంటే, కొత్తవి పెట్టించకుండానే సగం పని అయిపోవచ్చు.

వెంట్‌ను నేరుగా మొహం మీదికి గురిపెట్టకుండా తల పక్కగా, ఛాతీ వైపు వంచండి. చల్లగాలి బరువు వల్ల తనంతట తానే కిందికి దిగుతుంది కాబట్టి కాస్త ఎత్తుకే వదలాలి. వాంతుల బాధ ఉన్నవాళ్లకు మాత్రం మొహానికి తగిలే తాజా గాలి బాగా ఊరటనిస్తుంది. వాళ్లకు వాళ్లే తిప్పుకునే వీలుండాలి. డ్రైవర్ అద్దంలో చూసి ఊహించే పద్ధతి పనికిరాదని నేను అనుభవంతో చెబుతున్నాను. వీలైతే అలాంటివాళ్లను వెనక్కి తిరిగిన సీటులో కూర్చోబెట్టకండి.

కొత్తగా డక్టు వేయించాల్సి వస్తే ముడతల గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండేలా చూసుకోండి. లైనింగ్ వెనక అది ఎక్కడైనా నలిగితే గాలి బాగా పడిపోతుంది. దానికి ఇన్సులేషన్ చుట్టించండి, లేకపోతే తేమ ఉన్న రోజుల్లో గొట్టం చెమర్చి రూఫ్ లోంచి నీళ్లు కారతాయి. హీటర్ వాడే రోజుల కోసం ఒక్క మాట: వెనకవాళ్ల కాళ్లకు వెచ్చటి గాలి చాలా బండ్లలో ముందు సీట్ల కింద నుంచి వస్తుంది, అక్కడ చెప్పులు, మ్యాట్లు, సంచులు అడ్డం పెట్టకండి.

గాలి సీటులోంచే వస్తే గొడవే ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. ఆ పద్ధతి ఉంది. సాబ్ 9-5 కారులో 1997లోనే ఫ్యాన్లున్న సీట్లు ఇచ్చారు. 2004లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కేలో హెడ్‌రెస్ట్ దగ్గర నుంచి మెడకు వెచ్చటి గాలి వదిలే ఏర్పాటు తెచ్చారు. కానీ తిరిగే సీటుకు దీన్ని బయట బిగించాలంటే వైర్లు తిరిగే ఇరుసు పక్క నుంచి వెళ్లాలి, అక్కడ అవి నలిగి తెగడం నేను చూశాను. పైన వేసుకునే ఫ్యాన్ కవర్లు క్యాబిన్‌లో ఉన్న గాలినే లాగుతాయి, క్యాబిన్ వెచ్చగా ఉంటే వచ్చేదీ వెచ్చటి గాలే. చిన్న క్లిప్ ఫ్యాన్ మీద నాకు అంత వ్యతిరేకత లేదు. అది చల్లదనం పుట్టించదు, ముందు వరుసలో ఆగిపోయిన చల్లగాలిని వెనక్కి తోస్తుంది. గుద్దుకుంటే ఊడి మొహం మీద పడకుండా పక్క గోడకు గట్టిగా బిగించండి.

రూఫ్‌కు గానీ పిల్లర్‌కు గానీ రంధ్రం పెట్టించే ముందు దయచేసి ఆగండి. చాలా బండ్లలో రూఫ్ అంచుల వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, పిల్లర్లలో సీటు బెల్టు భాగాలు, వైర్లు ఉంటాయి. వాటి దారి తెలియనివాళ్ల చేత డ్రిల్ పట్టించవద్దు. బండి నడుస్తుండగా సీటు వెనక్కి తిప్పి ఉంచవచ్చో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని సీట్లు బండి ఆగి ఉన్నప్పుడు తిప్పుకోవడానికి మాత్రమే. గాలి కోసమని వెనక తలుపు కొంచెం తెరిచి నడపడం ప్రాణాల మీదికి తెస్తుంది. వెనక ఏర్పడే సుడి పొగ గొట్టం నుంచి వచ్చే వాయువులను లోపలికి లాగుతుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కాగితాల పరీక్ష చేశాక ఏ సీటు దగ్గర ఊగింది, ఏ సీటు దగ్గర ఊగలేదో ఇక్కడే రాయండి. మీ రూఫ్ వెంట్లు మధ్యలో ఉన్నాయా, పక్కల్లో ఉన్నాయా, పూర్తిగా మూసుకుంటాయా అన్నది కూడా చెప్పండి. మా అమ్మ ఇప్పటికీ ఆ సీటే తిప్పించుకుని కూర్చుంటుంది. బండి కదలకముందే చెయ్యెత్తి వెంట్ తనే సర్దుకుంటుంది.