గడ్డ తీసే ఆపరేషన్‌కు కుక్కను ఎలా సిద్ధం చేయాలి?

ఆపరేషన్ రేపే అని టెన్షన్ పడుతున్నారు కదా, ముందు కడుపు సంగతి చూడండి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఎదిగిన కుక్కలకు సాధారణంగా ముందు రాత్రి నుంచే తిండి ఆపమంటారు. నీళ్లు ఎప్పటివరకు పెట్టవచ్చో డాక్టర్‌ను అడగండి. మరీ చిన్న కూనలకు, షుగర్ ఉన్నవాటికి ఈ లెక్క వేరు. 

వాడుతున్న మందులన్నీ చెప్పండి. మత్తుకు ముందు లివర్, కిడ్నీల పనితీరు తెలిసే రక్తపరీక్ష చేయించడం మంచిది.

గడ్డ ఎక్కడుందో మీరే వేలితో చూపించి, బొచ్చు మీద గుర్తు పెట్టించండి. పడుకోబెట్టాక చిన్న గడ్డలు దొరకడం కష్టం. తీసిన గడ్డను బయాప్సీకి పంపమని తప్పకుండా అడగండి. కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్‌ను ఇవాళే కాసేపు అలవాటు చేయండి.