వానలు, వరదలు ఎప్పుడూ ఉన్నవేగా, మధ్యలో ఈ వాతావరణ మార్పు ఏంటి?

ఇదే మాట నేనూ 2024 ఆగస్టు దాకా అనేవాణ్ని. మాది విజయవాడ సింగ్ నగర్, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2005లో మా ఊరి వాగు బుడమేరు పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మా నాన్న గోడ మీద మేకుతో గీత గీశారు. సున్నం వేయించినప్పుడల్లా మళ్లీ గీసేవారు, ఇంతకంటే పైకి రాదని ఆయన నమ్మకం, మాదీ అదే.

2024 ఆగస్టు 31, శనివారం, వాన దంచికొట్టింది. ఆ రాత్రి బియ్యం మూట, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్ల బ్యాగు గీతకు జానెడు పైన సర్ది పడుకున్నాం. ఆదివారం నీళ్లు గీత దాటాయి, కాసేపటికి కిటికీ దాటాయి, ఇక అమ్మని పట్టుకుని డాబా ఎక్కడమే మిగిలింది. సర్టిఫికెట్లు పోయాయి. అమ్మ షుగర్ మాత్రలు కూడా కిందే ఉండిపోయాయి, నాలుగు రోజులు ఆ టెన్షన్ ముందు ఆకలి కూడా గుర్తు రాలేదు.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది ఇది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరి పట్టుకుంటుంది. భూమి ఇప్పటికే సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది, సముద్రమూ వేడెక్కింది, కాబట్టి అల్పపీడనం పట్టినప్పుడు మేఘం మోసుకొచ్చే సరుకు ఎక్కువ. ఏడాది మొత్తం వాన పెరగకపోవచ్చు, కానీ నెలలో పడాల్సింది రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది, మిగతా రోజులు ఎండ. మధ్య భారతంలో ఒక్కరోజులో 150 మిల్లీమీటర్లు దాటి విస్తారంగా కురిసే వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లయ్యాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అయితే వాన వేరు, వరద వేరు. బుడమేరు నీళ్లు కొంత డైవర్షన్ ఛానల్ ద్వారా కృష్ణలోకి వెళ్లాలి, మిగతావి కొల్లేరుకి పోవాలి. అదే వానకు మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచింది, ఆ నీళ్లూ కృష్ణలోకే వచ్చాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పెరుగుతూ పోయి సోమవారానికి 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డుకెక్కింది, అలా నిండుతున్న నది వాగు నీళ్లను ఎలా తీసుకుంటుంది? వెనక్కి తన్నాయి, కట్టకి గండ్లు పడ్డాయి, ఊరి మీద పడ్డాయి. కొల్లేరు వైపు దారి కూడా ఇళ్లతో, ఆక్రమణలతో ఇరుకైపోయింది, ఆ పాపం వాతావరణానిది కాదు, మనదే. అందుకే అంతా వాతావరణ మార్పే అన్నా నేను ఒప్పుకోను, అసలు దానికి సంబంధమే లేదన్నా ఒప్పుకోను. నీళ్లు పెరిగాయి, వాటి దారి తగ్గింది, రెండూ ఒకే రోజు మా ఇంట్లో కలిశాయి.

మీరు వాగు దగ్గర ఇల్లు చూస్తుంటే పెద్దవాళ్లని ఎంత ఎత్తు వచ్చిందని మాత్రమే అడగకండి, పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు ఈ వాగు ఎటు పోతుందో అడగండి. వానాకాలం నాలుగు నెలలూ కాగితాలు, మందులు పై అంతస్తులో తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టండి. మేం ఇప్పుడు జూన్ మొదట్లోనే ఆ పని చేస్తున్నాం.