వంటింటి సందేహాలు: పగిలే జొన్నరొట్టె, పొంగని కొర్ర ఇడ్లీ

జొన్నలు కొని పట్టించి రొట్టెలు చేస్తున్నాను. తడుతుంటేనే అంచులు పగులుతున్నాయి, పెనం మీద మధ్యకి చీలుతున్నాయి. ప్యాకెట్ పిండితోనూ ఇదే వరస. గోధుమపిండి కలపక తప్పదా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

అక్కర్లేదు. ముందు పిండి ఎప్పటిదో చూడండి. జొన్నగింజను మొలకభాగంతో సహా పట్టిస్తాం కాబట్టి అందులోని నూనె గాలి తగిలి కొద్ది వారాల్లోనే ముక్కిపోతుంది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది: చేదు తగిలిందా, ఆ పిండితో ఎంత పాటుపడినా దండగే. ప్యాకెట్ కొంటే గడువు తేదీ కన్నా తయారైన తేదీ చూసుకోవడం ముఖ్యం. నలుగురున్న ఇంటికి ఒక్కసారికి రెండు కిలోలు చాలు.

ఇక నీళ్లు. గోధుమపిండి సాగేది గ్లూటెన్ వల్ల. జొన్నలో అది లేదు. ఆ లోటు మరిగే నీళ్లే తీర్చాలి. వాటి వేడికి పిండి సగం ఉడికి జిగురొస్తుంది. గోరువెచ్చని నీళ్లకి రాదు. రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు, అర చెంచా ఉప్పు. నీళ్లు తెర్లుతుండగా స్టవ్ ఆపి, పిండి పోసి, గరిటె కాడతో కలిపి, పది నిమిషాలు మూతపెట్టండి. చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక అరచేత్తో ముందుకు తోస్తూ ఐదు నిమిషాలు మర్దించాలి. నిమ్మకాయంత ఉండని బొటనవేలితో నొక్కి చూడండి. అంచు పగిలితే చెయ్యి తడిచేసుకుని మళ్లీ మర్దించడమే. మొదటి రెండు రొట్టెలు బాగా వచ్చి నాలుగోది పగులుతోందంటే ముద్ద ఆరిపోయిందన్నమాట. అందుకే ఏ రొట్టెకి ఆ ఉండని తట్టే ముందు ఇంకోసారి మర్దించుకోవాలి.

పెనం మీద చీలడానికి కారణం వేరే ఉంది. పొడిపిండి అంటిన వైపు పైకి ఉండేలా వేసి, వెంటనే తడిగుడ్డతో ఆ పిండిని తుడవాలి. ఆ తడి మెరుపు తగ్గి ఇంకా చెమ్మ ఉండగానే తిప్పెయ్యాలి. పూర్తిగా ఆరేదాకా ఆగితే పైపొర బిగుసుకుని చీలుతుంది. తిప్పాక మంట తగ్గించవద్దు. అడుగున మచ్చలు పడ్డాక మరోసారి తిప్పి, పొడిగుడ్డతో అంచులు అదిమితే దానంతటదే పొంగుతుంది.

ఇడ్లీరవ్వ మానేసి కొర్రలతో చేస్తున్నాను. చలికాలంలో రాత్రంతా ఉంచినా పిండి పొంగదు. ఒక్కోసారి బుడగలు వచ్చినా ఇడ్లీ గట్టిగానే ఉంటుంది.
– ఓ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

ఇవి రెండు వేరువేరు సమస్యలు. పొంగకపోవడం చలి వల్ల. పిండికి 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ కావాలి, మీ వంటింట్లో 20 ఉంటే ఎక్కువ. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో గిన్నె పెట్టండి. 12 నుంచి 16 గంటలు పట్టినా కంగారుపడొద్దు. మినుములు నానిన నీళ్లు పారబొయ్యకుండా రుబ్బడానికి వాడండి, పులియబెట్టే సూక్ష్మజీవులు అందులోనూ ఉంటాయి.

బుడగలు వచ్చీ గట్టిపడుతోందంటే తప్పు రుబ్బడంలో ఉంది. బుడగలని పట్టి ఉంచేది మినుముల జిగురే. మిక్సీ వేడెక్కితే పిండి నురుగులా రాదు, కాబట్టి చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఆపి ఆపి తిప్పండి. గిన్నెడు నీళ్లలో చుక్క వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. కొలత: గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల కొర్రలు, చెంచా మెంతులు. గుళ్లు నాలుగు గంటలు, కొర్రలు ఆరు గంటలు నానాలి. కొర్రల్ని సన్నరవ్వలా, విడిగా రుబ్బి కలపండి. పొంగిన పిండిని గరిటెతో తిప్పేస్తే రాత్రి పడిన కష్టమంతా పోతుంది. ఆవిరి మీద 12 నిమిషాలు. బియ్యపురవ్వ ఇడ్లీ అంత మెత్తన మాత్రం ఆశించకండి, చల్లారితే పొడిబారుతుంది కూడా. వేడిగా తినేయాలి.

పొట్టు పెసలతో పెసరట్టు వేస్తుంటే పిండి గరిటెతో పాటు లేచొస్తోంది.
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

పెనం మరీ కాలిపోయింది. నీళ్లు చిలకరించి, కోసిన ఉల్లిపాయతో రుద్ది, చుయ్‌మనే చప్పుడు తగ్గాక వేయండి. గ్లాసు పెసలకి రెండు చెంచాల బియ్యం చేర్చి ఐదారు గంటలు నానబెడితే అంచు కరకరలాడుతుంది. నానాక వేళ్లతో ఏరితే రాయిలా మిగిలిన గింజలు దొరుకుతాయి. అవి ఎంత రుబ్బినా నలగవు, తీసెయ్యండి. పెసరట్టు పిండి పులవాల్సిన పని లేదు, రుబ్బిన పూటే వేసుకోవాలి.

సీసాలో దొరికే పులిహోర పేస్టు మానేశాను. చింతపండుతో చేస్తే ఆ ముదురు రంగు రావడం లేదు.
– ఓ పాఠకురాలు, వరంగల్

మీరు వాడింది కొత్త చింతపండు అయ్యుంటుంది. వేసవి ముందు వచ్చే కొత్తపంట గుజ్జు లేతగా ఉంటుంది, ఏడాది నిలవున్నదైతే నల్లబడుతుంది. అరకిలో బియ్యానికి 80 గ్రాములు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి చిక్కగా తీయండి. నువ్వులనూనెలో పసుపు, పచ్చిమిర్చి వేసి, నూనె పక్కలకి తేలేదాకా సన్నమంట మీద ఉడకనివ్వాలి. సీసా పేస్టులో ఉప్పు ముందే ఉంటుంది, ఇందులో ఉండదు. పేస్టుకి అలవాటైన చెయ్యి తక్కువ వేస్తుంది, అన్నం కలిపాక ఓసారి రుచి చూసుకోండి.