వాహన సందేహాలు: మళ్లీ గ్యాసేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా పెట్రోలు కారుకు ఎనిమిదేళ్లు. రేణిగుంట రోడ్డు మీద వేగంగా వెళ్తున్నంతసేపు ఏసీ చక్కగా పనిచేస్తుంది. ఎండవేళ లీలామహల్ కూడలిలో సిగ్నల్ పడినా, అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వరుసలో నిలిచినా కాసేపటికే వేడిగాలి వస్తుంది. బండి కదిలితే మళ్లీ చల్లబడుతుంది. ఏటా వేసవిలో గ్యాస్ నింపిస్తున్నాము. ఈసారి కంప్రెసర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. గ్యాస్‌ను ఒత్తి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ అరిగినా ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గుతుంది కాబట్టి మెకానిక్ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. కానీ అంత ఖర్చుకు సిద్ధపడే ముందు బానెట్ ఎత్తి కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతున్నదో లేదో చూడాలి.

రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోనే గ్యాస్ తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేస్తుంది. నిలబడినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అది తిరగకపోతే కండెన్సర్‌లో వేడితోపాటు పీడనమూ పెరుగుతుంది. మీ కారు వయసును బట్టి అందులో ఉండేది ఆర్-134ఏ గ్యాస్ అనుకుంటున్నాను. 60 డిగ్రీల దగ్గర దాని పీడనం సుమారు 230 పీఎస్ఐ (పీడనం కొలమానం) ఉంటే, 70 డిగ్రీలకు 290 దాటుతుంది. పీడనం ఇంకా పెరిగి హద్దు మీరితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. మీకు వేడిగాలి తగులుతున్నది బహుశా అప్పుడే.

ఇంజను నడుస్తుండగా ఏసీ వేసి కొద్ది నిమిషాలు చూడండి. ఫ్యాన్ కదలకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్), వైరింగ్, మోటారు అనే వరుసలో పరీక్షింపజేయండి. రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కార్లలో వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోతే తక్కువ వేగం మాత్రమే పోతుంది, అందువల్ల ఫ్యాన్ బాగానే ఉన్నట్టు పొరపడే అవకాశం ఉంది. ఇంజను ఆపినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగవచ్చు కనుక చేతులు, పైట, చున్నీ దూరంగా ఉంచుకోవాలి. వేడిగాలి వస్తున్న సమయంలోనే ముందు జాలీ గుండా కండెన్సర్ మీద నీళ్లు చిలకరించి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో చల్లదనం తిరిగి వచ్చిందంటే లోపం వేడి బయటికి పోకపోవడంలోనే ఉన్నదని దాదాపు నిర్ధారించుకోవచ్చు. ఫ్యాన్ సరిగా ఉంటే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న దుమ్మును మెల్లని నీటిధారతో కడిగించండి. ప్రెషర్ వాషర్ అయితే పలుచని రేకులు వంగిపోతాయి.

గ్యాస్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల నుంచీ సీళ్ల నుంచీ స్వల్పంగా జారడం సహజమే గానీ, ఏటా నింపవలసి వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా అసలు తగ్గకుండానే నింపుతున్నట్టు. కారేచోట కంప్రెసర్ నూనె కూడా బయటికి వచ్చి దుమ్ముతో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. అవసరం లేకుండా నింపితే పీడనం మరింత పెరిగి, మీరు చెప్పిన లక్షణమే ముదురుతుంది. ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింది చీటీ మీద గ్రాముల్లో ఉంటుంది. ఉన్నది తీసి, వ్యాక్యూమ్ పెట్టి (గొట్టాల్లోని గాలిని లాగేసి), తూకం వేసి నింపమనండి. చేతితో గొట్టం తడిమి చాలిందనేవారిని నమ్మకండి.

ఇక కంప్రెసర్ విషయం, ఎక్కువ, తక్కువ పీడనాల గొట్టాలకు మెకానిక్ తగిలించే రెండు గేజీలు తేలుస్తాయి. ఆగి ఉన్నప్పుడు రెండు గేజీలూ ఎక్కువ చూపిస్తే ఫ్యాన్, కండెన్సర్ లేదా అధిక గ్యాస్ కారణం. తక్కువ పీడనం ఉండవలసిన వైపు పెరిగి, ఎక్కువ ఉండవలసిన వైపు తగ్గితే అప్పుడు కంప్రెసర్‌ను అనుమానించవచ్చు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఏసీ ఆగితే ఇంజను వేడి సూచికను గమనించండి. ఇంజను మితిమీరి వేడెక్కితే చాలా కార్లలో కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది.

ప్రశ్న: చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్ దాటి పలమనేరు చేరేసరికి బ్లోయర్ పూర్తిగా పెట్టినా గాలి సన్నగా వస్తుంది. టీకి ఆగి బయలుదేరితే మళ్లీ మామూలే. కారణం ఏమిటి?

జవాబు: లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి గాలికి దారి మూసుకుపోతున్నది. ఆగినప్పుడు అది కరుగుతుంది. కారు కింద మామూలుకన్నా ఎక్కువ నీరు కారి ఉంటే అదే సాక్ష్యం. ముందుగా క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, మూసుకుపోయి ఉంటే మార్చండి. అప్పటికీ తగ్గకపోతే కాయిల్ చల్లదనాన్ని కొలిచే సెన్సర్‌ను, గ్యాస్ పరిమాణాన్ని పరీక్షింపజేయాలి, ఎందుకంటే గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది. అంతవరకూ దారిలో గాలి తగ్గినప్పుడు ఏసీ మీట మాత్రం ఆపి, బ్లోయర్‌ను పది నిమిషాలు నడవనివ్వండి.