మచ్చ సంగతి తర్వాత, ముందు కన్ను చూపించండి

ప్రశ్న: మాది విజయవాడ కృష్ణలంక. నా మనవరాలికి నాలుగో నెల. పుట్టినప్పటి నుంచీ కుడివైపు నుదుటి మీద, పైరెప్ప మీద దానిమ్మ రసం ఒలికినట్టు ఎర్రటి మచ్చ ఉంది. పెరిగేకొద్దీ అదే పోతుందని తెలిసినవాళ్ళన్నారు. కడుపుతో ఉండగా గ్రహణం రోజు మా కోడలు కత్తిపీట ముట్టుకుందని మా ఆడబిడ్డ అంటోంది. నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను. మొన్న పాలు తాగుతూ పాప ఎడమ చెయ్యి, కాలు టకటకా కొట్టుకున్నాయి. నిమిషంలో సర్దుకుంది. మచ్చకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక నాయనమ్మ

జవాబు: ఉండొచ్చమ్మా. ఆ చెయ్యీ కాలూ కొట్టుకోవడం ఫిట్స్ కావచ్చు, ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించండి. బ్యారేజీ దాటితే మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. మళ్ళీ వస్తే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ఎవరైనా సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు చాలా పనికొస్తుంది. జ్వరం వస్తే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, అశ్రద్ధ చెయ్యకండి.

ఆ ఎరుపంతా చర్మంలో వెడల్పైన సన్నని రక్తనాళాలు. మచ్చ నుదుటి మీద, పైరెప్ప మీద ఉన్న కొందరు పిల్లల్లో అలాంటి నాళాలే ఎక్కువగా అదే వైపు మెదడు పొర మీదా, కంటిలోనూ ఉంటాయి. కుడి మెదడు ఎడమ వైపును నడిపిస్తుంది కాబట్టే మీరు రాసిన 'ఎడమ' అన్న మాట దగ్గర నేను ఆగాను. 1879లో స్టర్జ్ అనే ఇంగ్లండు డాక్టరు ముఖాన మచ్చ, కంటి జబ్బు, ఫిట్స్ మూడూ ఉన్న పాప గురించి చెప్పాడు. అందుకే దీన్ని స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ అంటారు. మీ పాపకు అదేనా అన్నది ఎమ్మారై తీస్తేగానీ తేలదు.

కన్ను మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. కొన్నేళ్ళ కిందట గుంటూరు కొత్తపేటలో నా దగ్గరకు ఇలాంటి మచ్చతోనే ఒక బాబును తెచ్చారు. మచ్చ ఉన్న వైపు కన్ను రెండోదానికన్నా పెద్దది. చుట్టాలంతా 'ఎంత చక్కని కళ్ళో' అని మురిసిపోయేవారట. అది అందం కాదు, లోపల నీటి ఒత్తిడి పెరిగి సాగిన కన్ను. ఆపరేషన్ చేయించారు గానీ అప్పటికే కొంత చూపు పోయింది. ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేదు. నల్లగుడ్డు పెద్దదిగా, మసకగా కనపడినా, నీళ్ళు కారుతున్నా, పాప వెలుతురు చూడలేకపోతున్నా అనుమానించాలి. ఏమీ లేకపోయినా చూపించాలి. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఇప్పుడు బాగుందన్నా ఊరుకోవద్దు, కంటిలో ఒత్తిడి పెరిగే ఈ జబ్బు, అంటే గ్లకోమా, పెద్దయ్యాక కూడా రావచ్చు.

మచ్చ దానంతటది పోదు, పాపతోపాటే పెరుగుతుంది. లేజరుతో చాలావరకు పలచబడుతుంది, చిన్నప్పుడే మొదలుపెడితే మేలు. చాలాసార్లు వెళ్ళాలి.

ఇక గ్రహణం మాట. దీనికి కారణమైన మార్పు జీఎన్ఏక్యూ అనే జన్యువులో ఉందని 2013లో కనుక్కున్నారు. అది తల్లి నుంచీ రాదు, తండ్రి నుంచీ రాదు. కడుపులో పిండం పెరిగేటప్పుడు ఏదో ఒక కణంలో మారిపోతుంది, ఆ కణం నుంచి వచ్చిన భాగాల్లోనే ఉంటుంది. కత్తిపీటతో దానికి పనిలేదు. రెండో బిడ్డకూ వస్తుందేమోనని భయపడక్కర్లేదు. 'నేనూ అన్నాను' అని దాచకుండా రాశారు మీరు. ఈ మాట మీ నోటితోనే కోడలికి చెప్పండమ్మా. మీ ఆడబిడ్డగారికి ఈ పేజీ చదివి వినిపించండి.