కమిటీలకు అప్పగించిన ఊరి నీటి పథకాలు కొన్నేళ్లకే ఎందుకు మూలపడతాయి?

పేద దేశాల్లో బోరు వేసి, చేతిపంపు బిగించి, ఊళ్లో కమిటీ పెట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆఫ్రిడెవ్ లాంటి పంపులను ఊరివాళ్లే విప్పి బాగుచేసుకునేలా తయారుచేశారు. అయినా 2009 నాటి అంచనా ప్రకారం సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో మూడో వంతుకు పైగా చేతిపంపులు పనిచేయడం లేదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర. వాషర్ అరిగితే తలాకొంత వేసుకుంటారు. రాడ్లు, పైపులు తుప్పుపట్టి మొత్తం మార్చాల్సి వస్తే కమిటీ దగ్గర అంత ఉండదు. పైగా సభ్యులకు జీతం లేదు, కొన్నాళ్లకు ఓపిక అయిపోతుంది. వాళ్లను తప్పు పట్టలేం. పాడయ్యాక చందాలకు తిరిగేకన్నా నెలనెలా కొంత కట్టించుకుని, చాలా ఊళ్లకు కలిపి జీతమిచ్చి మెకానిక్‌లను పెట్టుకోవడం నయం. పెద్ద మరమ్మతుల ఖర్చు మాత్రం ప్రభుత్వమే భరించాలి.