న్యుమోనియా తగ్గాక నడక ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్ళు. న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, ఇంటికొచ్చి వారమైంది. ఇదివరకు రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచేవారు. మొన్న ఉదయం వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, రెండు రోజులు మంచం దిగలేదు. అమ్మేమో నెలరోజులు కదలనివ్వొద్దంటోంది. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నెలరోజులు పడుకోబెట్టడం మాత్రం వద్దు. ఊపిరితిత్తులు నెమ్మదిగా కోలుకుంటుంటే, మంచం మీద తొడకండ కరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిందని 2007లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. జ్వరం, తిండి సరిగా లేకపోవడం, స్టెరాయిడ్లు తోడైతే నష్టం ఇంకా ఎక్కువ. బలం తగ్గిన కండ అదే పనికి ఎక్కువ గాలి అడుగుతుంది. నాన్నగారి ఆయాసంలో కాళ్ళ వాటా కూడా ఉంది.

కాబట్టి కుర్చీతో మొదలుపెట్టండి. జారని, గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మెత్తటి సోఫా, ప్లాస్టిక్ కుర్చీ పనికిరావు. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళకన్నా కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెడుతూ దిగాలి. ధబ్బున కూలబడితే సగం మేలు పోయినట్టే, ఎందుకంటే నెమ్మదిగా దిగేటప్పుడు కూడా తొడ కండకు పని పడుతుంది. ఊపిరి బిగబడితే కళ్ళు తిరుగుతాయి. ఐదుసార్లు చొప్పున, రోజుకు మూడు పూటలు చాలు. సులువనిపించాక పది దాకా పెంచండి.

నడక ఇంట్లోనో, వరండాలోనో ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. రెండు మూడు రోజులకోసారి ఒక్కో నిమిషం పెంచండి. వీధి చివరిదాకా వెళ్ళడంలో ఉన్న చిక్కేమిటంటే, అలసట తెలిసేది అవతలి చివర. అక్కడినుంచి అంత దూరమూ మళ్ళీ వెనక్కి నడవాలి. ఇంటి ముందే అటూ ఇటూ తిరుగుతూ, మధ్యలో ఒక కుర్చీ వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. నడుస్తూ మాట్లాడగలగాలి. వాక్యం మధ్యలో ఆగి గాలి పీల్చుకోవలసి వస్తే వేగం ఎక్కువైందన్నమాట. అసలు తీర్పు మర్నాడు పొద్దున వస్తుంది. లేచేసరికి నిన్నటికన్నా నీరసంగా ఉంటే రెండు రోజులు పాత కొలతకు దిగండి, మంచానికి మాత్రం కాదు.

ఇంట్లో ఆక్సీమీటరు (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) ఉంటే నడకకు ముందూ, ఆపిన వెంటనే చూడండి. చెయ్యి కదపకుండా, అంకె నిలకడగా వచ్చేదాకా ఆగాలి. గోళ్ళరంగు, చల్లటి వేళ్ళు తప్పుడు అంకెలు చూపిస్తాయి. నాలుగు పాయింట్లు పడినా, 92 కన్నా తగ్గినా కూర్చోబెట్టి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు ఈ అంకె వేరు, అది వాళ్ళ డాక్టరు చెప్పాలి.

జావ, ఇడ్లీలతోనే నెట్టుకొస్తే కండ తిరిగి రాదు. 60 కిలోల మనిషికి రోజుకు 70 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో 8 ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉంటే అడిగి తినాలి.

ప్రశ్న: ఆసుపత్రిలో మూడు బంతుల పరికరం ఇచ్చారు. ఎంత గట్టిగా ఊదినా బంతులు లేవడం లేదు. దానికి బదులు కపాలభాతి చెయ్యొచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది ఊదేది కాదు, పీల్చేది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ముందు మామూలుగా ఊపిరి వదిలేసి, గొట్టాన్ని పెదాలతో గట్టిగా మూసి, నెమ్మదిగా లోపలికి లాగండి. మూడో బంతిని ఎగరేయాలని గబుక్కున లాగితే గాలి ఊపిరితిత్తుల అడుగుదాకా పోదు. మొదటి బంతిని మూడు సెకన్లు పైన నిలపడమే మేలు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పదిసార్లు, మధ్యమధ్య ఆగుతూ చెయ్యండి. కళ్ళు తిరిగితే ఆపండి.

కపాలభాతి దగ్గు పూర్తిగా తగ్గాకే. ఆ విసురుకు దగ్గు తెర కమ్ముకొస్తుంది. కఫం తెమలడానికి వేరే దారి ఉంది: కళ్ళజోడు తుడిచేముందు అద్దం మీద ఆవిరి కోసం 'హా' అంటాం చూడండి, అలా నోరు తెరిచి రెండుసార్లు అని, ఆపైన ఒక్కసారి దగ్గండి. ఆయాసం వస్తే ముక్కుతో రెండు లెక్కపెట్టేంత సేపు పీల్చి, వేడి టీ మీద ఊదినట్టు నాలుగు లెక్కపెట్టేంత సేపు వదలండి.

ప్రశ్న: నాకు 52. బీడీ అలవాటుంది. న్యుమోనియా తగ్గి మూడు వారాలైంది. పొలం పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు?
- ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: దగ్గు, ఆయాసం చాలావరకు తగ్గడానికి ఆరు వారాలు, నీరసం పోవడానికి మూడు నెలలు కూడా పడుతుంది. ఇప్పటికి గట్ల మీద తిరిగి చూసుకుని రావడం వరకే. ముప్పై నిమిషాలు ఆగకుండా నడిచి, మర్నాడు మామూలుగా లేవగలిగితే తేలిక పనులు మొదలుపెట్టండి. వీపున మోసే మందు డబ్బా, నూర్పిడి దుమ్ము అన్నిటికన్నా చివరికి. బీడీ మాత్రం ఈ రోజే ఆపాలి. అది మానకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఎక్కువే.

మళ్ళీ జ్వరం, కఫంలో రక్తం, ఒక్క పిక్క మాత్రమే వాచడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఉన్నట్టుండి ఛాతీ నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఇవేవీ లేకపోయినా, యాభై దాటిన పొగతాగే మనిషి కాబట్టి ఆరో వారంలో ఛాతీ ఎక్స్‌రే మళ్ళీ తీయించాలి. న్యుమోనియా మచ్చ చాటున గడ్డ ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది.